ఫ్రాన్సులో ఒక గొర్రెల పల్లె

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాలకు వెళ్ళి వచ్చిన వారి చేత నాలుగు మాటలు చెప్పించడం మన సంఘంలో ఆనవాయితీ. కార్యదర్శి గారు నన్ను పారిస్ నగరం గురించి మాట్లాడమన్నారు. పారిస్‌లో నేను ఉన్నది రెండు రోజులు. ఆ రెండు రోజులూ వాన. అందుచేత ఈఫిల్ టవరు ఈ ప్రసంగంలో ఒక్కసారే వస్తుంది, అదీ గొర్రెల సందర్భంలో. నేను చెప్పబోయేది ఆరు గడపలున్న ఒక పల్లె సంగతి. మన శాఖలో చేసిన వారికి అది పారిస్ కంటే ఎక్కువ పనికి వస్తుందని నా నమ్మకం.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా ఫ్రాన్సు దక్షిణ భాగంలో మోంపెలియె పట్టణంలో ఉంటున్నది. మన పటాన్‌చెరువులో ఇక్రిశాట్ ఉన్నట్టు అక్కడ వ్యవసాయ పరిశోధనాలయాలు చాలా ఉన్నాయి. ఒక వేసవిలో నేను, మా ఆవిడ అక్కడికి వెళ్ళాము. అమ్మాయితో పనిచేసే ఒక కుర్రవాడి తల్లిదండ్రులు పల్లెలో గొర్రెలు పెంచుకుంటారు. "మీ అమ్మగారు, నాన్నగారు పల్లెటూరి వారట గదా, పట్నంలో ఏం తోస్తుంది, మా ఊరు తీసుకువెళ్ళండి" అన్నాడట. ఆ విధంగా జూన్ మాసంలో ఎనిమిది రోజులు ఆ పల్లెలో ఉన్నాము. అమ్మాయి సెలవు పెట్టి మాతో వచ్చింది. దుబాసీ పని అంతా ఆమెదే. పల్లె పేరు, ఆ దంపతుల పేర్లు చెప్పను. ఆరు గడపల ఊళ్ళో ఊరి పేరు చెబితే మనుషుల పేర్లు చెప్పినట్టే.

మోంపెలియె నుంచి ఉత్తరంగా ఎనభై కిలోమీటర్లు వెళ్ళాలి. ముందంతా ద్రాక్ష తోటలు. తరువాత రోడ్డు ఒక కొండ గోడకు ఎదురుగా వెళ్ళి, వంపులు తిరుగుతూ పైకి ఎక్కుతుంది. ఎక్కిన తరువాత చూస్తే శిఖరమూ లేదు, అవతలి లోయా లేదు. బల్ల పరచినట్టు బయలు. అదే లార్జాక్ పీఠభూమి. విస్తీర్ణం సుమారు 1,000 చదరపు కిలోమీటర్లు, ఎత్తు దాదాపు 600 నుంచి 900 మీటర్లు. చెట్టు అరుదు, రాయి మెండు. అక్కడక్కడ పైన్ చెట్లు, మోకాలెత్తు పొదలు, వాటి నడుమ పొట్టి గడ్డి. జూన్‌లో ఒక రకం గడ్డికి తెల్లని ఈకల వంటి వెన్నులు వస్తాయి. గాలి వీచినప్పుడు మైదానమంతా వెండి జరీ కదిలినట్టు ఉంటుంది. దానిని అక్కడ 'దేవదూతల జుట్టు' అంటారు. గాలి మాత్రం క్షణం ఆగదు. శీతాకాలంలో ఆ గాలికి మంచు తోడవుతుందట. మేము చూడలేదు, చూడాలని కోరికా లేదు.

అది సున్నపురాతి నేల. కర్నూలు జిల్లాలో పనిచేసిన మిత్రులకు బేతంచెర్ల, బెలుం గుహల ప్రాంతం గుర్తుండే ఉంటుంది. రాతి వయసు వేరు గానీ గుణం అదే. వాన పడుతుంది, బాగానే పడుతుంది; పడిన నీరు పైన నిలవదు. సందుల గుండా దిగిపోయి లోపల గుహలు తొలుచుకుంటూ వెళ్ళి, పీఠభూమి అంచున వందల అడుగుల కింద లోయలో ఊటగా పైకి వస్తుంది. పైన ఉన్న మనిషికి ఏరు లేదు, వాగు లేదు. పూర్వం ఆ ఊళ్ళలో ప్రతి ఇంటి కప్పు మీది చినుకునూ తొట్టిలోకి మళ్ళించుకునేవారు. గొర్రెల కోసం 'లవోన్' అనే గుంటలు తవ్వారు. పళ్ళెం ఆకారంలో నేలను లోతు చేసి, అడుగున బంకమన్ను దట్టించి, గొర్రెల గిట్టలకు మన్ను చెదరకుండా పైన రాళ్ళు పరుస్తారు. సాయంకాలం ఇంటికి వచ్చే మంద దాని చుట్టూ వలయంగా నిలబడి నీళ్ళు తాగుతుంది. నేను మా కుంటలను తలుచుకుని, పూడిక ఎవరు తీస్తారు అని అడిగాను. "తాగే గొర్రెలు ఎవరివో వాళ్ళు" అన్నాడు ఆయన.

ఇళ్ళు చూడవలసినవి. పెద్ద కలప దొరకదు గనుక దూలాలు లేవు. కింది అంతస్తంతా రాతి కమాను. గొర్రెలు కింద, మనుషులు పైన. గొర్రెల వేడి చలికాలంలో పై అంతస్తుకు ఉపయోగం. కప్పు కూడా రాతి పలకలే. ఇప్పుడు గొర్రెలకు వేరే షెడ్లు వచ్చాయి గానీ పాత ఇళ్ళు అలాగే ఉన్నాయి. కొన్ని ఇళ్ళ తలుపులకు ఎండిన పెద్ద ముళ్ళపువ్వు ఒకటి మేకుతో కొట్టి ఉంటుంది. పళ్ళెమంత ఉంటుంది, పేరు కార్దబెల్. గాలిలో తేమ పెరిగితే దాని రేకులు ముడుచుకుంటాయి, పొడిగా ఉంటే విచ్చుకుంటాయి. రేడియో రాక ముందు అదే వాతావరణ శాఖ. మేమున్న ఎనిమిది రోజులూ నేను ఉదయమే లేచి దానిని చూసేవాడిని. ఒక్కసారి తప్పింది. రేడియో రెండుసార్లు తప్పింది.

ఊళ్ళో అంగడి లేదు. రొట్టెల వాడు వ్యానులో వస్తాడు, హారను మోగిస్తాడు. మన పాలవాడి కోసం లాగే గిన్నె పట్టుకుని కాకపోయినా సంచి పట్టుకుని అందరూ బయటికి వస్తారు. ఆ పది నిమిషాలే ఊరి రచ్చబండ. బడి, పోస్టాఫీసు, డాక్టరు, అన్నీ కారు ఎక్కితేనే. మా వయసు వాళ్ళకు అది కష్టమే. డ్రైవింగ్ చేతకాని రోజున ఏం చేస్తారు అని మా ఆవిడ అడిగింది. ఆ ఇల్లాలు భుజాలు ఎగరేసి నవ్వింది. ఆ ప్రశ్న జవాబు తరువాత వస్తుంది.

ఇక ఊరి బ్రతుకంతా గొర్రె మీదే. లకోన్ అనే జాతి. ముఖం పొడుగు, ఉన్ని తక్కువ, పాలు ఎక్కువ. మనకు గొర్రె అంటే మాంసం, కంబళి. పాలు పితికే గొర్రె నాకు కొత్త. చలికాలం నుంచి జూలై వరకు రోజుకు రెండు పూటలా పితుకుతారు. పితికేది యంత్రమే అయినా అయిదింటికి లేవక తప్పదు. ఆ పాలన్నీ రోక్‌ఫోర్ అనే ఊరికి వెళతాయి. అక్కడ కొండచరియ విరిగి పడిన చోట ఏర్పడిన గుహల్లో, రాతి సందుల నుంచి వచ్చే చల్లని తడి గాలిలో, నీలం రంగు బూజు పట్టించి చీజు మాగబెడతారు. కనీసం 90 రోజులు. మరో చోట మాగబెట్టినది ఆ పేరుతో అమ్మడానికి వీలు లేదని 1925లోనే చట్టం చేశారు. మన వాళ్ళు బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నది 2017లో. పాలను తోడుబెట్టేది గొర్రెపిల్ల పొట్టలోని పదార్థంతో అని తెలిశాక మా ఆవిడ ఆ చీజు ముట్టలేదు. నేను ముట్టాను. ఆ విషయం ఇక్కడ బహిరంగంగా ఒప్పుకుంటున్నాను. వాసన భరిస్తే రుచి దొరుకుతుంది. ఆ ఇల్లాలు నొచ్చుకోలేదు సరికదా, వంటిల్లు మా ఆవిడకు అప్పగించింది. పచ్చ మసూరు పప్పుతో చేసిన పప్పుచారును ఆ ఇంటి వాళ్ళు సూపు అనుకుని తాగారు.

ఒక సాయంత్రం ఆకాశంలో రాబందులు కనిపించాయి. నేను లెక్క పెట్టాను, పద్నాలుగు. మన దగ్గర రాబందును చూసి ఎన్నేళ్ళయిందో చెప్పగలవారు ఈ సభలో ఉన్నారా? పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు వల్ల మన దేశంలో అవి నశించాయి. 2006లో దానిని పశువైద్యంలో నిషేధించారు, అప్పటికే ఆలస్యమైంది. అక్కడ కూడా 1940లలో పూర్తిగా అంతరించాయట. 1981 నుంచి పక్కనున్న లోయల్లో మళ్ళీ తెచ్చి వదిలారు. చచ్చిన గొర్రెను రైతులు అనుమతి ఉన్న చోట వాటికి వేస్తారు. తోడేళ్ళు కూడా తిరిగి వచ్చాయి. వాటి సంగతి ఎత్తితే మాత్రం గొర్రెల వాళ్ళ ముఖాలు మారిపోతాయి.

మిత్రులారా, ఇక అసలు విషయానికి వస్తాను.

మూడో రోజు రాత్రి భోజనానికి పక్కింటి పెద్దాయన వచ్చాడు. వయసు ఎనభైకి దగ్గర. మాటల్లో ఆయన నేను ఏ ఉద్యోగం చేశానని అడిగాడు. అమ్మాయి రెవెన్యూ అని చెప్పింది. రెవెన్యూలో ఏం పని అన్నాడు. నేను సర్వీసులో కొన్నేళ్ళు భూసేకరణ విభాగంలో పనిచేశాను. అమ్మాయి సరైన ఫ్రెంచి మాట కోసం వెతుక్కుని, "ప్రభుత్వం కోసం రైతుల దగ్గర భూములు తీసుకునే పని" అని చెప్పింది. బల్ల దగ్గర ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎందుకో నాకు అర్థం కాలేదు. తరువాత ఆ ఇల్లాలు పకపకా నవ్వి, నా పళ్ళెంలో ఇంకో చీజు ముక్క వేసింది. నేను కూర్చున్నది ఎవరి ఇంట్లోనో ఆ రాత్రి తెలిసింది.

ఆ పీఠభూమి మీద 1900 తరువాతి సంవత్సరాల నుంచి ఒక సైనిక శిబిరం ఉంది. 3,000 హెక్టార్లు, అంటే మన లెక్కలో సుమారు 7,400 ఎకరాలు. 1971 అక్టోబరు 28న రక్షణ మంత్రి మిషెల్ దెబ్రే దానిని 17,000 హెక్టార్లకు, అంటే దాదాపు 42,000 ఎకరాలకు పెంచుతామని టెలివిజన్‌లో ప్రకటించారు. అక్కడ ఉండేది కొద్దిమంది రైతులేననీ, ఏవో నాలుగు గొర్రెలు పెట్టుకుని మధ్యయుగాలలో మాదిరి బ్రతుకుతున్నారనీ ప్రభుత్వ పక్షం వారు మాట్లాడారు. ఆ రైతులు తిరుగుబాటుదారులు కారు. ఆదివారం చర్చికి వెళ్ళే సంప్రదాయస్తులు, ప్రభుత్వమంటే గౌరవం ఉన్నవాళ్ళు. 1972 మార్చిలో 103 మంది రైతులు భూమి అమ్మబోమని, ఎవరికి వారు విడిగా బేరం చేయబోమని ప్రమాణ పత్రం మీద సంతకాలు చేశారు. పక్కింటి పెద్దాయన ఆ 103లో ఒకడు.

ఇందులో మన దేశానికి ఒక సంబంధం ఉంది. లాంజా దెల్ వాస్తో అనే ఇటలీ దేశస్థుడు 1930లలో మన దేశం వచ్చి వార్ధాలో గాంధీగారి దగ్గర ఉన్నాడు. గాంధీగారు ఆయనకు శాంతిదాసు అని పేరు పెట్టారు. తిరిగి వెళ్ళి ఫ్రాన్సులో ఆశ్రమం స్థాపించాడు. అది ఈ పీఠభూమికి ఎంతో దూరం కాదు. ఆయన 1972 మార్చిలో లా కవల్రీ అనే ఊళ్ళో, సైనిక శిబిరం గుమ్మం ముందర అన్నట్టుగా, పదిహేను రోజులు నిరాహార దీక్ష చేశాడు. రైతులు వంతుల వారీగా ఆయనతో పాటు పస్తు ఉన్నారు. ఇద్దరు బిషప్పులు కూడా వచ్చి కూర్చున్నారు. ప్రమాణ పత్రం మీద సంతకాలు ఆ దీక్ష నడుస్తున్న రోజుల్లోనే జరిగాయి. "ఉప్పు సత్యాగ్రహం గురించి అప్పటిదాకా మాకు ఏమీ తెలియదు, ఆయన చెప్పాకే తెలిసింది" అన్నాడు పెద్దాయన.

ఆ సంవత్సరం అక్టోబరులో అరవై గొర్రెలను పారిస్ తీసుకువెళ్ళి ఈఫిల్ టవరు కింద మేపారు. ఇందాక చెప్పిన ఈఫిల్ టవరు ప్రస్తావన ఇదే. డిసెంబరులో 'ప్రజా ప్రయోజనం' ప్రకటన వెలువడింది. మన 1894 చట్టంలో సెక్షన్ 6 డిక్లరేషను అనుకోండి. 1973 జనవరిలో 26 ట్రాక్టర్లు పారిస్‌కు బయలుదేరాయి. దారిలో ఓర్లెయాఁ దగ్గర ఆపేస్తే మిగిలిన దూరం నడిచి వెళ్ళారు. ఆ వేసవిలోనే లా బ్లాకియెర్ అనే పల్లెలో, సేకరణ పరిధిలోని భూమిలో, అనుమతి లేకుండా పెద్ద రాతి గొర్రెల కొట్టం కట్టడం మొదలుపెట్టారు. దేశం నలుమూలల నుంచి యువకులు వచ్చి రాళ్ళు మోశారు. సైనిక ఖర్చుకు పోతుందని తమ ఆదాయపు పన్నులో మూడు శాతం కట్టకుండా ఆపి, ఆ సొమ్ము పంపినవాళ్ళ డబ్బుతో అది లేచింది. మేము చూశాము. గుడి మంటపంలా ఉంది, లోపల గొర్రెల వాసన.

మన శాఖ వాళ్ళకు ఆసక్తి కలిగించేది ఇంకొకటి. రైతులు, వాళ్ళ అభిమానులు సంఘంగా ఏర్పడి, శిబిరం పరిధిలో భూములు కొని, చిన్న చిన్న వాటాలుగా వేలమందికి పంచారు. నోటీసు ఇవ్వవలసి వస్తే దేశమంతటా ఉన్న ఆ వేలమందికీ ఇవ్వాలి! సెక్షన్ 9 నోటీసులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన వాడిగా, ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వు, చెమట రెండూ వచ్చాయి. 1976 జూన్‌లో ఇరవై ఇద్దరు శిబిరం ఆఫీసులో దూరి భూముల కొనుగోలు ఫైళ్ళను నాశనం చేసి జైలుకు వెళ్ళారు. ఇది నేను మెచ్చుకోలేను. ఫైలు మీద చెయ్యి వేయడం తప్పే అని పెద్దాయనతోనూ అన్నాను. "మీరు అలాగే అనాలి" అన్నాడు.

1978 చివరలో 700 కిలోమీటర్లకు పైగా నడిచి మళ్ళీ పారిస్ చేరారు. 1981 మేలో మిత్తెరాండ్ అధ్యక్షుడిగా గెలిచారు. జూన్ 3న మంత్రివర్గం శిబిరం విస్తరణను రద్దు చేసింది. శాంతిదాసు ఆ జనవరిలోనే చనిపోయాడు, చూడలేదు. పాత 3,000 హెక్టార్ల శిబిరం మాత్రం అలాగే ఉంది. 2016లో అక్కడికి ఫ్రాన్సు విదేశీ దళం ఒకటి వచ్చి చేరింది. మధ్యాహ్నాలు తుపాకుల చప్పుడు వినిపించేది. గొర్రెలు తల ఎత్తేవి కావు.

ఇదంతా చెప్పి పెద్దాయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "మీ సర్వీసులో మీ దగ్గర ఎవరైనా 'నేను అమ్మను' అన్నారా?" నేను ఆలోచించి, లేదు అన్నాను. మా దగ్గర అభ్యంతరాలన్నీ ధర గురించే, భూమికి భూమి ఇమ్మని కొందరు అడిగేవారు, వద్దనేవారు లేరు అని చెప్పాను. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అది అబద్ధం.

1980లలో ఒక రిజర్వాయరు ముంపు గ్రామంలో విచారణ చేశాము. ప్రాజెక్టు పేరు, ఊరి పేరు ఇక్కడ అనవసరం. ఒక ముసలి గొర్రెల కాపరి, ఎకరం పాతిక సెంట్లు మెట్ట, ఒక గొర్రెల దొడ్డి. నేను వాంగ్మూలం రాసుకుంటున్నాను. "నాకు డబ్బు వద్దయ్యా, నేను ఇయ్యను" అన్నాడు. రెండోసారి అడిగాను, అదే మాట. మా నమూనా కాగితంలో ఆ మాటకు చోటు లేదు. వెనకాల నలభై మంది నిలబడి ఉన్నారు, పొద్దు వాలుతున్నది. నేను "నష్టపరిహారము పెంచవలసినదిగా కోరుచున్నాడు" అని రాసి వేలిముద్ర వేయించుకున్నాను. అది అక్కడితో ఆగలేదు. అతని దొడ్డి గోడ నడుము ఎత్తు, గుండ్రంగా, మట్టీ సున్నమూ లేకుండా పేర్చిన వట్టి రాతి గోడ. చాలా చక్కగా పేర్చాడు. రేట్ల పట్టికలో మట్టి గోడకు రేటు ఉంది, సున్నపు గోడకు ఉంది. వట్టి రాతి పేర్పుకు లేదు. కట్టడం కాలమ్‌లో 'నిల్' అని రాశాను. సొలేషియం అప్పటికి 15 నుంచి 30 శాతానికి పెరిగింది. నిల్ మీద 30 శాతం ఎంతో మీకు తెలుసు.

ఆ లార్జాక్ మీద ఎటు చూసినా ఆ గోడే. పొలాల చుట్టూ, దారుల పక్కన, కొట్టాల చుట్టూ, మైళ్ళ కొద్దీ వట్టి రాతి గోడలు. ఆ గడ్డి బయళ్ళు, గోడలు, గుంటలు, గొర్రెల బాటలు అన్నీ కలిపి 2011లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మనుషులూ గొర్రెలూ కలిసి చేసిన నేల అని కారణం చెప్పారు. మేత ఆగితే ఆ వెండి గడ్డి ఉండదు, పొదలు, పైన్ చెట్లు కమ్మేస్తాయి. 2018లో వట్టి రాతి గోడ పేర్చే విద్యకే ఫ్రాన్సుతో పాటు మరి ఏడు దేశాల పేరు మీద యునెస్కో గుర్తింపు వచ్చింది. నేను నిల్ రాసిన గోడ అది.

మరునాడు ఉదయం రొట్టెల వ్యాను దగ్గర పెద్దాయన కనిపించాడు. అమ్మాయిని పిలిచి, రాత్రి నేను చెప్పింది నిజం కాదని చెప్పించాను. జరిగినదంతా చెప్పాను. ఆయన నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. "అతనికి గొర్రెలు ఎన్ని?" అని అడిగాడు. నలభై దాకా అన్నాను. "అవి ఏమయ్యాయి?" అన్నాడు. తెలియదు అన్నాను. నిజంగానే తెలియదు. మా పని అవార్డుతో అయిపోయేది. ఆయన రొట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక అక్కడి భూమి పద్ధతి. పోరాటం నాటికి సైన్యం చాలామంది దగ్గర, ముఖ్యంగా ఊళ్ళో ఉండని పెద్ద భూస్వాముల దగ్గర కొనేసిన భూమి 6,300 హెక్టార్లు, అంటే సుమారు 15,500 ఎకరాలు. శిబిరం రద్దయ్యాక దీనిని ఏం చేయాలి? అమ్మకానికి పెడితే డబ్బున్నవాడు కొంటాడు. 1985లో ప్రభుత్వం ఆ భూమినంతటినీ స్థానికులే నడిపే ఒక సంస్థకు దీర్ఘకాలపు లీజుకు ఇచ్చింది. మొదట అరవై ఏళ్ళకు; 2013లో దానిని 2083 దాకా పొడిగించారు. రైతులు, అక్కడ నివసించేవారు ఎన్నుకున్న కమిటీ దానిని నడుపుతుంది. పొలం ఎవరికి ఇవ్వాలో కమిటీ నిర్ణయిస్తుంది. కౌలు ఉంది, పట్టా లేదు. అమ్మకం లేదు, తాకట్టు లేదు, కొడుకుకు వారసత్వంగా రాసిచ్చేది లేదు.

మా ఆతిథేయులు ఈ పద్ధతిలో 1980ల చివరలో వచ్చినవాళ్ళు. ఇద్దరిదీ ఆ ఊరు కాదు, సెంటు భూమి లేదు. పొలం వచ్చింది, ఇల్లు వచ్చింది, ముప్పై అయిదేళ్ళు చేశారు. ఆ కౌలు ఎంతవరకు? పదవీ విరమణ వరకు! పెన్షను మొదలైన నాడు పొలంతో పాటు ఇల్లు కూడా ఖాళీ చేసి తరువాత వచ్చే రైతుకు అప్పగించాలి. వాళ్ళు చేసిన మరమ్మతులకు, కట్టిన షెడ్డుకు ఇంకా ఎంత ఉపయోగం మిగిలి ఉందో లెక్క కట్టి, వచ్చేవారు వెళ్ళేవారికి చెల్లిస్తారు. అంతే.

మన మిత్రులలో క్వార్టర్సు ఖాళీ చేయడానికి ఎన్ని దరఖాస్తులు పెట్టుకున్నామో, ఎన్ని నెలల పెనాల్టీ అద్దె కట్టామో నేను చెప్పనక్కరలేదు. నేనే రెండుసార్లు గడువు పొడిగింపు అడిగాను. అందుచేత ఆ ఇల్లాలిని, బాధగా లేదా అని అడిగాను. ఆమె దాచలేదు. ఉందనే చెప్పింది. వంటింటి కిటికీ ముందు తను నాటిన అక్రోటు చెట్టును చూపించింది. గడువు దాటినా వెళ్ళడానికి మనసొప్పని వాళ్ళు కూడా ఉన్నారట. ముసలివాళ్ళకు ఇళ్ళు ఎక్కడ చూపాలన్నది కమిటీకి పెద్ద తలనొప్పి అట. "అయితే మాకు ముందున్న వాళ్ళు వదలకపోతే మేము ఎలా వచ్చేవాళ్ళం?" అన్నది. పోరాటం నాటి కంటే ఆ భూముల మీద రైతులు ఇప్పుడే ఎక్కువ అని అక్కడ అందరూ చెబుతారు. ఫ్రాన్సులో మిగతా చోట్ల పల్లెలు ఖాళీ అవుతుంటే ఈ రాతి నేల మీద పిల్లల సైకిళ్ళు కనిపించాయి. ఈ దంపతులు వచ్చే ఏడాది లోయలోని చిన్న పట్టణానికి మారుతున్నారు. డాక్టరు, బజారు అక్కడ నడక దూరం. మా ఆవిడ ప్రశ్నకు జవాబు అది.

ఆ పద్ధతి మనకు పనికివస్తుందా అంటే నేను వెంటనే అవును అనను. మన రైతుకు పట్టా పుస్తకం ఒక ధైర్యం. ఆపదలో అదే అప్పు పుట్టించేది. అది లేని కౌలుదారు అవస్థ మనకు తెలుసు. అక్కడ పెన్షను ఉంది కాబట్టి ఖాళీ చేయమనగలిగారు. పెన్షను లేని వాడిని ఇల్లు వదలమనడం వేరే సంగతి.

దగ్గరలో లా కూవెర్త్వారాద్ అని కోట గోడల ఊరు ఒకటి ఉంది, పర్యాటకులు వచ్చేది అక్కడికి. పన్నెండవ శతాబ్దంలో టెంప్లారు అనే యోధ సన్యాసుల ఠాణా. ఆ పొలాల మీద, గొర్రెల మీద ఆదాయం తీసి జెరూసలేము యుద్ధాలకు పంపేవారు. అంటే మన శాఖ వాళ్ళే. ప్రాకారం మాత్రం తరువాతి వాళ్ళు పదిహేనవ శతాబ్దంలో కట్టింది. బాగుంది గానీ దుకాణాలు ఎక్కువ. మధ్యాహ్నానికి తిరిగి వచ్చేశాము.

చివరి రోజు ఉదయం ఆయన గోడ సరిచేయడానికి వెళుతుంటే నేనూ వెంట వెళ్ళాను. రాత్రి అడవి పందులు దాటినట్టున్నాయి, రెండు గజాల మేర కూలింది. పెద్ద రాళ్ళు ఒక వైపు, చిన్నవి ఒక వైపు వేరు చేశాడు. ఒక రాయి రెండు రాళ్ళ మీద కూర్చోవాలి, రెండు రాళ్ళ మీద మళ్ళీ ఒకటి. సందు మీద సందు రాకూడదు. నా చేతికి ఒక రాయి ఇచ్చి పెట్టమన్నాడు. పెట్టాను. ఊగింది. తీసి తిప్పి పెట్టమని చేత్తో సైగ చేశాడు. మూడోసారి కుదిరింది. మా ఇద్దరికీ భాష లేదు, దుబాసీ ఇంటి దగ్గర ఉంది. గంటన్నరలో గోడ లేచింది. తరువాత అమ్మాయి వచ్చినప్పుడు, మీరు వెళ్ళాక ఇది ఎవరు చూస్తారు అని అడిగించాను. వసంతంలో ఒక కుర్ర జంట వస్తున్నారట, ఇద్దరూ పట్నం వాళ్ళు, గోడ పేర్చడం రాదు. వాళ్ళు వచ్చాక ఒక నెల ఉండి నేర్పి వెళతానని చెప్పాడు.